పశువుల డాక్టరీకి ఎమ్మెస్సీ మీదుగా

పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోకముందే, మా బ్రాడీపేట వీధి చివర పచ్చళ్ళ కొట్టు నడిపే ఆవిడ తన మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ పిల్ల బీయస్సీ ఆఖరు సంవత్సరంలో ఉంది. పశువైద్య కళాశాలలో సీటు కోసం ఇప్పటికి రెండుసార్లు ఎంట్రన్సు రాసి రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది. ఎమ్మెస్సీ జువాలజీ కూడా పూర్తిచేసి వెళితే ఆ కాలేజీవాళ్ళు ఈమెను ముందుగా పిలిచి సీటు ఇస్తారని ఎవరో చెప్పారట. ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, నన్ను అడిగి తేల్చుకుందామని వచ్చారు. నేను కాఫీ గ్లాసులు అందిస్తుంటే నా కుడి చేతి మీద మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా పాకిన మచ్చ ఆ పిల్ల కంటబడి, అదేదైనా ఆపరేషనా మేడమ్ అని అడిగింది. కాదని మాత్రం చెప్పి, నీ సంగతి ఆలోచించి చెబుతాను, రేపు సాయంత్రం రా అని పంపించేశాను. ఆలోచించడానికేముంది, నా మొహం. జవాబు తెలియక కాదు, ఈ మచ్చ సంగతి తోడుకోకుండా ఆ జవాబు చెప్పలేక రేపు రమ్మన్నాను.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల, వాన పడితే కాలికి అంటుకున్న మట్టి ఇంటిదాకా ఊడిరాదు. మా నాన్న ఒక పెద్ద ఆసామి దగ్గర పాలేరు. ఆ ఆసామికి బండలాగుడు పందేల పిచ్చి ఉండేది, ఆయన గిత్తల్ని తోలేది మా నాన్నే. ఇప్పటివాళ్ళు ఆ పందేలను ఫోన్లో చూసి ఈలలు వేస్తున్నారు గాని, మా ఈడువాళ్ళలో తాడు పక్కన నిలబడి చూసినవాళ్ళకు ఎరుక, ఆ రోజుల్లో అవి ఎట్లా సాగేవో. మా నాన్న ముల్లుగర్ర కొసకు మేకు ఉండేది. బండ కదలనప్పుడు దాంతో గిత్త తొడ మీద పొడిచినచోటే పొడిచేవాడు, అప్పటికీ కదలకపోతే తోక నోట కరిచి నలిపేవాడు. పందెం గెలిచి వచ్చిన రోజు ఆయన పంచె మీద నెత్తురు చుక్కలుండేవి, అమ్మ వాటిని కాలవలో ఉతికేది. కొట్టడానికి అలవాటు పడ్డ చెయ్యి పశువుల కొట్టంలోనే ఆగిపోదు కదండీ. అమ్మ వీపు, నా వీపు కూడా ఆ చేతికి బాగా తెలుసు. నా ముందు పళ్ళలో ఒకటి సగమే ఉంటుంది, అది ఆయన విసిరిన చెంబు చేసిన పని. అలాగని నాకు జ్వరమొస్తే రెండు మైళ్ళు భుజాన వేసుకొని మోసింది కూడా ఆయనే కాబట్టి, ఆయన్ని పూర్తిగా అసహ్యించుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

పందేల కంటే మా నాన్నకు ఎక్కువ పేరు తెచ్చిన పని ఇంకొకటి ఉంది. కోడెలు అరకకు లొంగాలంటే వాటికి విత్తులు కొట్టాలి. అది మా నాన్న కొడితే తిరుగులేదని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా కబురు పంపేవాళ్ళు. కోడెను పడదోసి, నాలుగు కాళ్ళూ మోకుతో బిగించి, ఒకడు తల మీద కూర్చుంటే, వృషణాల కింద చెక్క పెట్టి పైనుంచి రోకలితో నలగ్గొట్టేవాడు. ఒక దెబ్బా రెండు దెబ్బలా, నరం పూర్తిగా చితికిందని వేళ్ళకు తెలిసేదాకా కొట్టేవాడు. ఆ కోడె పెట్టే కేకను నేను అక్షరాల్లో రాయలేను. పశువు అరుపులా ఉండేది కాదు, ఎవరో మనిషిని కొడుతున్నట్టే ఉండేది. ఆ తర్వాత మా నాన్న చేతులు కడుక్కొని, గోంగూర కలుపుకొని కడుపునిండా అన్నం తినేవాడు.

నాకు పదేళ్ళప్పుడు పక్క ఊరికి పశువుల డాక్టరు గారొకరు కొత్తగా వచ్చారు. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకొని, సైకిలు మీద మా ఊరు వచ్చి, పొడవాటి పిడులున్న ఇనప పటకారొకటి తీసి, కోడెను నిలబెట్టే పని ముగించారు. ఒక పక్క నొక్కి కాసేపు పట్టుకున్నారు, రెండో పక్క నొక్కారు, అంతే. నెత్తురు లేదు, చర్మం కూడా చిట్లలేదు. కోడె ఒకసారి మెలికలు తిరిగి, మళ్ళీ గడ్డి అందుకుంది. ఊరంతా ఆయన చుట్టూ మూగితే మా నాన్న రోకలి భుజాన వేసుకొని దూరంగా నిలబడ్డాడు, ఆయన మొహం అంత చిన్నబోగా నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా సంతోషం. ఆ పటకారు పట్టుకోవాలి, మా నాన్న చేతిలో రోకలి కింద పెట్టించాలి అని ఆ రోజే అనుకున్నాను. అంతకు మించి నా జీవితంలో నేను ఏదీ గట్టిగా కోరుకోలేదు.

గుంటూరులో మిషను హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఎంట్రన్సు రాస్తే ర్యాంకు చాలలేదు, మరుసటి ఏడు మళ్ళీ రాశాను, అప్పుడూ చాలలేదు. అప్పుడు మా మేనమామ నాకొక దారి చూపించాడు. ఆయన మా చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. ఎక్కువ చదివినవాడికే ముందు పెద్ద సంఘాన్ని అప్పజెప్పడం ఆయన కళ్ళారా చూసినవాడు, అందుకని లోకమంతా అట్లాగే నడుస్తుందని నమ్మాడు. ఇంటర్ పిల్లలు వెళ్ళి నిలబడే వరసలో ఎమ్మెస్సీ చదివినదానివి నువ్వు వెళితే, నీకు కుర్చీ వేసి సీటు ఇస్తారమ్మా అన్నాడు. మా ఇళ్ళలో అంతకుముందు పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు, కాలేజీ రూల్సు ఎక్కడ అడగాలో ఎవరికీ తెలియదు, ఆయన మాటే మాకు దేవుడి వాక్యం. మా నాన్న అయితే నేను బీయస్సీలో చేరిన రోజు నుంచే ఊళ్ళో నన్ను డాక్టరు చేసేశాడు.

ఆ అయిదేళ్ళ చదువులో నాకు బాగా గుర్తున్నది కప్ప. బతికున్న కప్పను ఎడమ చేత్తో బిగించి పట్టుకొని, తల వెనక సూది దింపి, వెన్నులోకి తిప్పాలి. తోటి పిల్లలు ఏడ్చేవాళ్ళు, ఒకమ్మాయి స్పృహ తప్పి పడిపోయింది. నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. వేళ్ళ కింద నరం తెగడం నాకు స్పష్టంగా తెలిసేది. మేష్టారు మెచ్చుకుంటుంటే, నేను నా చేతికేసి చూసుకొని ఇది మా నాన్న చెయ్యి కదా అని జడుసుకున్నాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో ప్యాసై, కాగితాలన్నీ కవర్లో పెట్టుకొని, పశువైద్య కళాశాలకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా పెద్దాయన మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. కవరు మాత్రం విప్పలేదు. ఇంటర్లో ఏ గ్రూపు, ఎంట్రన్సులో ఎంత ర్యాంకు, పుట్టిన తేదీ ఏది, ఈ మూడే అడిగాడు. మూడోదానికి నా జవాబు విని కలం కింద పెట్టేశాడు. వయసు దాటిపోయింది. ఎమ్మెస్సీ ఉంది కదండీ అన్నాను. ఆయన నొచ్చుకుంటూ, "ఇక్కడ దానికి లెక్క లేదమ్మా. బీయస్సీ చదివే రోజుల్లోనే మళ్ళీ ఎంట్రన్సు రాసుంటే నీకు ఇంకో రెండు ఛాన్సులుండేవి. ఈ చదువుల్లో పడి వయసు పోగొట్టుకున్నావు" అన్నాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపు కూడా రాలేదు, మా మేనమామ మీద కోపం మాత్రం వచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మా ఊళ్ళో బస్సు దిగేసరికి ఆసామి దొడ్డి దగ్గర జనం ఉన్నారు. పక్క ఊళ్ళో అప్పుడున్న డాక్టరు గారు బదిలీ అయి వెళ్ళారు, కొత్తాయన ఇంకా రాలేదు, అరకల రోజులు దగ్గర పడ్డాయి, అందుకని మా నాన్న మళ్ళీ రోకలి తీశాడు. మోకుల్లో పడి ఉన్న తెల్ల కోడెను నేను దూరం నుంచే గుర్తుపట్టాను. రెండేళ్ళ కిందట దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, ఆ వేసవి సెలవులంతా వెదురు గొట్టంతో పాలు పోసి దాన్ని బతికించింది నేనే. నన్ను చూడగానే మా నాన్న రోకలి కింద పెట్టేశాడు. ఏ పని కోసం నేను పధ్నాలుగేళ్ళు కష్టపడ్డానో ఆ పని అట్లా జరిగిపోయింది.

"ఆగండ్రా, మా అమ్మాయొచ్చింది. డాక్టరు సీటు తెచ్చుకొనొచ్చింది. ఇక ఈ మొరటు పని నేను చెయ్యను. ఎట్టా చెయ్యాలో అదే చెప్పుద్ది," అన్నాడు.

ఆ ఒక్క పూటకు అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఇన్నేళ్ళుగా అదే అనుకుంటున్నాను. నేను కవరు పట్టుకొని నిలబడి, రాలేదు నాన్నా, వయసు దాటిపోయిందన్నారు అని ఉన్నమాట చెప్పేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసామి అరుగు మీద నుంచే, "ఏరా, పెళ్ళీడూ దాటించావు, సీటీడూ దాటించావు, ఇక పిల్లనేం చేస్తావురా?" అన్నాడు. అందరూ నవ్వారు.

మా నాన్న ముల్లుగర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మెడ మీద, ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు. కిందపడ్డా ఆపలేదు. కోడె తల మీద కూర్చున్నవాడు నన్ను విడిపించడానికి లేచి ఇటు పరిగెత్తాడు. అప్పటికే ముందుకాళ్ళ మోకు వదులై ఉన్నట్టుంది, కోడె విదిలించుకొని లేచి, వెనక కాళ్ళకు తాడు వేలాడుతుండగానే వచ్చి మా నాన్నను వెనక నుంచి పొడిచింది. కొమ్ము తొడలో దిగింది. ఆయన్ని ఎత్తి విసిరి, మళ్ళీ తల వంచితే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఈ మచ్చ అప్పటిదే.

మా నాన్న తొడలోంచి నెత్తురు ఎగిరి ఎగిరి పడుతోంది. అట్లా పడిందంటే తెగింది ధమని అని, కొద్ది నిమిషాల్లో మనిషి పోతాడని నేను చదువుకున్నాను. గజ్జల దగ్గర అది ఎక్కడ ఎముక మీదుగా వస్తుందో పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. అక్కడ రెండు పిడికిళ్ళూ పెట్టి, నా బరువంతా వేసి నొక్కాను. నెత్తురు ఆగింది. అప్పటికి జనం కోడె మీద పడ్డారు. గడ్డపారలతో, కర్రలతో, మా నాన్న కింద పెట్టిన ఆ రోకలితో కూడా కొట్టారు. కొట్టకండి అని గొంతు చించుకున్నాను, ఎవరూ వినలేదు. చేతులు తీసి పరిగెత్తితే దాన్ని కాపాడగలనేమో, తీస్తే మాత్రం మా నాన్న అక్కడే పోతాడు. నేను తియ్యలేదు. అది పడిపోయాక కూడా నా వైపే చూస్తూ ఆ కేక పెట్టింది. చాలాసేపు పెట్టింది.

ఎరువులు దింపి తిరిగి వెళుతున్న లారీ ఒకటి ఆపి మమ్మల్ని ఎక్కించారు. అమ్మ తన చీర కొంగు చించి నా చేతికి కట్టింది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఎవరో డాక్టరు వచ్చి నా పిడికిళ్ళు తీసేదాకా నేను నొక్కిన చోటు వదల్లేదు. మా నాన్న బతికాడు, ఒక కాలు మాత్రం జీవితాంతం ఈడ్చుకుంటూ నడిచాడు. నాలుగో రోజు తెలివొచ్చి కళ్ళు తెరిచి నా చేతి కట్టు కేసి చూశాడు.

"ఆడ నొక్కాలని నీకెవరు చెప్పారే?" అన్నాడు.

ఎమ్మెస్సీలో చెప్పారు నాన్నా అన్నాను.

"మరి ఆళ్ళెందుకియ్యలేదు?"

కొట్టినందుకు ఆయన తర్వాతైనా ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. కాని ఆ రోజు తర్వాత ఆయన చేత్తో రోకలి గాని, ముల్లుగర్ర గాని పట్టుకోవడం ఎవరూ చూడలేదు. కొత్త డాక్టరు గారొస్తే కుంటుకుంటూ వెళ్ళి కోడె మూపురం నిమురుతూ నిలబడేవాడు. నేను లెక్చరర్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, నాకు పిల్లలు పుట్టారు. అయినా ఏటా ఎడ్మిషన్ల ప్రకటన పడే రోజులకు, చదువు రాని మా నాన్న టీ కొట్లో ఎవరినో అడిగి ఆ పేపరు సంపాదించి, బస్సెక్కి గుంటూరు వచ్చేవాడు. వయసు అన్నకాడ ఏం రాశారో చూడు, మార్చారేమో అనేవాడు. నేను చదివి, మార్చలేదు నాన్నా అనేదాన్ని. పేపరు మడిచి సంచిలో పెట్టుకొని, అన్నం తిని, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. పోయే ముందు సంవత్సరం దాకా వచ్చాడు.

పచ్చళ్ళ కొట్టావిడ మనవరాలు చెప్పినట్టే సోమవారం సాయంత్రం వచ్చింది. ఎమ్మెస్సీ మంచి చదువే, నాకు అన్నం పెట్టింది, మా నాన్న ప్రాణం నిలబెట్టింది, కాని ఆ సీటు కోసమైతే దాని జోలికి పోవద్దు, వాళ్ళు ఆ కవరు విప్పరు అని చెప్పాను. నీకింకా వయసుంది, ఆ పుస్తకాలే మళ్ళీ తియ్యి, ఈ ఏడు ఇంకోసారి రాయి అన్నాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని, వెళ్ళేటప్పుడు నోటిఫికేషన్ వచ్చిందేమో చూద్దామని నా ఫోన్లోనే తెరిచి, నా చేతికిచ్చి వెళ్ళింది.

ఇప్పుడు మా ఊళ్ళో అరకలు లేవు, అన్నీ ట్రాక్టర్లే. ఫోను చేస్తే పశువుల డాక్టరు వ్యానులో వస్తుంది. అవును, వస్తుంది అనే రాశాను, పోయినసారి నేను వెళ్ళినప్పుడు దిగింది ఆడపిల్లే, నా చిన్న కూతురి కంటే చిన్నది. దొడ్డి ఉన్నచోట ఇప్పుడు మిర్చి ఆరబోస్తున్నారు. కోడె కేక అంటే ఏమిటో అక్కడి పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. రోకలి కింద పెట్టి నాకేసి చూసిన మా నాన్న మొహం తెలిసినవాళ్ళం కూడా ఇక నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళమే మిగిలాం.

ఆ పిల్ల వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకొని ఫోన్లో ఆ నోటిఫికేషన్ చూశాను. నాకు అరవై దాటాయి. అయినా మిగతావన్నీ వదిలేసి ముందు వయసు అన్నచోటికే వెళ్ళి, నిదానంగా చదివి, ఖాళీ ఇంట్లో పైకే అన్నాను, మార్చలేదు నాన్నా అని.