బంతి ఎవరింట్లో ఉంటే

బాగేపల్లిలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఉన్నది ఒకటే బంతి. దానికో కట్టుబాటు ఉండేది. ఎవరి తప్పు వల్ల ఆట పోతే వాడే బంతిని ఇంటికి తీసుకుపోవాలి. గాలి కొట్టించాలి, కుట్లు ఊడితే వేయించాలి, మర్నాటి సాయంత్రం మైదానానికి తేవాలి. అదొక శిక్ష అనుకునేవాణ్ణి.

చింతామణిలో ఓడిన రోజు తప్పు నాది. గోల్‌కీపర్‌నై ఉండి కాళ్ళ సందున బంతిని వదిలేశాను. బస్సులో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి రాగానే బంతిని మా అంగడిలోని వేరుశనగ మూటల వెనక్కి విసిరేసి, ఇక ఆ మైదానం మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రం పదిమందీ మా అంగడి ముందు నిలబడ్డారు.

"బంతి యాడ పెట్టినావురా? పొద్దు పోతాంది, తీసుకొని రా" అన్నాడు నా ముందు ఎడమ వైపు కాపు కాసే మా బ్యాక్.

నా కోసం కాదట, బంతి కోసం వచ్చారట! తప్పు చేసినవాడు మొహం చాటేయకుండా ఉండడానికే ఆ కట్టుబాటని అప్పుడు తెలిసింది. సిగ్గు లేకుండా వాళ్ళ వెనకే పరిగెత్తాను.

మా చివరి ఆట చిక్కబళ్ళాపురంలో. పెనాల్టీని బయటికి తన్నింది ఆ బ్యాకే. వాడిది సోమేనహళ్ళి, రోజూ బస్సులో కాలేజీకి వచ్చేవాడు. బంతిని చంకలో పెట్టుకుని, తల వంచుకుని దారిలో దిగిపోయాడు. మర్నాటి నుంచి సెలవులు. ఆ సెలవుల్లోనే వాళ్ళ నాయన మంచం పట్టాడు, వాడు చదువు మానేసి సేద్యంలో పడ్డాడు. బంతి అడగడానికి ఎవరో ఒకరు వాడింటికి పోతారులే అని పదిమందిమీ అనుకున్నాం. ఎవరూ పోలేదు.

ఇరవై ఏళ్ళు దాటింది. జట్టులో కొందరి ఫోన్ నంబర్లు ఉన్నాయి. పండగలకు పూల బొమ్మలు పంపుకుంటాం. ఏం చేసుకోను ఆ పూలను? నాకు కావలసింది అంగడి ముందు నిలబడి అరిచే ఆ గొంతులు. సొంత అన్నదమ్ముల మీద కూడా నాకింత బెంగ లేదు.

పోయిన నెల వేరుశనగ బేరానికి సోమేనహళ్ళి వెళ్ళి, వాడి ఇల్లు అడిగి తలుపు తట్టాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి బంతి తెచ్చాడు. తోలు పగుళ్ళు బారింది కానీ నిండా గాలి ఉంది.

"తగ్గినప్పుడల్లా కొట్టిస్తాండా. ఎవురన్నా అడగను వస్తారేమో అని" అన్నాడు.

నాకు కళ్ళు నిండాయి. "నేను రావాల్సిందిరా" అన్నాను.

"ఊ. ఈ తూరి తప్పు నీదే" అంటూ బంతిని నా చేతుల్లో పెట్టాడు.

ఇప్పుడది అంగడిలో నా పక్కనే ఉంది. మా పిల్లలు ఆడుకుంటామన్నా ఇవ్వలేదు. నిన్ననే గాలి కొట్టించాను. సాయంత్రమైతే వాడి ఊరి బస్సు ఆగే వైపే చూస్తూ కూర్చుంటున్నాను.