లిస్టులో లేని రాష్ట్రం

దీన్ని రాసి పెట్టడానికి ఒకటే కారణం. కళ్లారా చూసినవాళ్లం ముగ్గురమే. మా దగ్గర మిగిలిన ప్రింటు కాగితం ఏటేటా మాసిపోతోంది. అది పూర్తిగా పోయాక ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. పదో తరగతితో బడి మానేసినా, సిద్దిపేట గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివాను. ఇంటర్నెట్ పని కూడా అక్కడి పుస్తకం చూసే నేర్చుకున్నాను.

ఉద్యమం నడుస్తున్న రోజులు. మా మేనత్త రాజమణి ఇంట్లోనే గొల్లభామ చీరలు నేసేది. ఆమె భర్త బాలయ్య మామ షాపుల బోర్డులు రాసే పెయింటరు. ఆంధ్రప్రదేశ్ అని రాయమంటే బ్రష్షు కింద పెట్టేవాడు. ఎర్ర రంగుతో తెలంగాణ అనే రాసేవాడు, చివరి అక్షరం తోకను కొడవలిలా కిందికి తిప్పి. ఆ పట్టుదలతో సగం గిరాకీ పోగొట్టుకున్నాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది. షాపులవాళ్లు అత్త చీరలు తీసుకోవడం మానేశారు. అమావాస్య లోపల ఆర్డరు రాకపోతే మగ్గం విప్పి అమ్మేస్తానంది.

ఇంట్లో నేసేవాళ్లకు ఉచితంగా పేజీ ఇచ్చే సైటు ఒకటి దొరికింది. ఫోటోలు పెట్టాను, ఫారం నింపాను, రాష్ట్రం పేరు ఎంచుకోవాల్సిన గడి దగ్గర ఆగిపోయాను. లిస్టులో తెలంగాణ లేదు. ఉండదని తెలుసు. అయినా ఆంధ్రప్రదేశ్ నొక్కడానికి చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలి పంపితే తిప్పి పంపారు. మూడుసార్లు అంతే.

పైగా బందులు, కరెంటు కోతలు. ఇస్మాయిల్ భాయి నెట్ సెంటర్ తెరిచిన రోజు కరెంటు ఉండదు. కరెంటున్న రోజు షట్టరు దించి ఉంటుంది. ఫారం సగంలో ఉండగా కంప్యూటరు ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. విసుగుతో కీబోర్డు విసిరేయాలనిపించేది.

సంగతి విని అత్త మండిపడింది.

"రాష్ట్రం వచ్చేదాక నా మగ్గం ఆగుతదారా? గా ఉన్నదే నొక్కు."

"మామ ఉంటే నొక్కనిచ్చునా అత్తా?"

"మీ మామ బోర్డులు పోగొట్టుకున్నడు. నువ్వు నా మగ్గం పోగొట్టకు."

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆంధ్రప్రదేశ్ నొక్కాను. పేజీ తెరుచుకుంది. ఇంగ్లిషు చిరునామా చివర, ఎర్రగా, తెలుగులో తెలంగాణ అని ఉంది. చివరి అక్షరం తోక కొడవలిలా కిందికి తిరిగి ఉంది.

ఇస్మాయిల్ భాయి వంగి చూశాడు. "గిదేం ఫాంటు శ్రీనూ? నా సిస్టంల ఇట్లాంటిది లేదు."

ప్రింటు తీయమన్నాను. ఆయనది నలుపు ప్రింటరు, ఎరుపు రాలేదు గానీ ఆ తోక అలాగే పడింది. తీశాక పేజీ మళ్లీ తెరిస్తే ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. కాగితం తెచ్చి అత్తకు ఇచ్చాను. ఆ తోక మీద వేలితో ఒకసారి రాసి, కాగితాన్ని మగ్గం పక్కన గూట్లో పెట్టింది.

నాలుగో రోజు మహారాష్ట్రలోని భీవండి నుంచి ఒకామె ఫోన్ చేసింది. పుట్టిల్లు మా దగ్గరి కోహెడ అట. పెండ్లికి ఎనిమిది చీరలు కావాలంది.

"పొద్దుగాల మీ పేజీ చూసిన తమ్మీ. ఎర్రగ తెలంగాణ అని కనవడ్డది. ఇంకెవర్నీ అడుగబుద్ది కాలే."

ఆ పొద్దున నేనూ చూశాను. ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. ఎరుపు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు.

సైటువాళ్లకు రాశాను. ఆ గడిలో లిస్టులో ఉన్న పేరు తప్ప ఇంకేదీ పట్టదని జవాబిచ్చారు. గ్రంథాలయంలో దొరికిన కంప్యూటర్ పుస్తకాలన్నీ తిరగేశాను. జవాబు దొరకలేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది, లిస్టులోకీ వచ్చింది, మామూలు ఇంగ్లిషు అక్షరాల్లో. అత్త మగ్గం ఇంకా ఆడుతోంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం నర్సింలు సారుకు, ప్రింటు తీసిచ్చిన ఇస్మాయిల్ భాయికి, భీవండి లక్ష్మక్కకు, నన్ను తిట్టి పని చేయించిన రాజమణత్తకు కృతజ్ఞతలు. బాలయ్య మామకు చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను. పేరు మాత్రం రాశాను.