కొబ్బరిపాల కౌస్వే

మా అత్తయ్య రంగూన్‌లో పుట్టారు. పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశారట. ఇప్పుడు కెనడాలో, ఏజాక్స్‌లో మా దగ్గరే ఉంటున్నారు. రంగూన్ మాట వస్తే ఆవిడ ముందు చెప్పేది వీధి చివర ఒకామె అమ్మిన ఓన్నో కౌస్వే గురించే. కోడిమాంసం వేసి కాచిన చిక్కటి కొబ్బరిపాల సూపులో నూడుల్స్, పైన ఉడికించిన గుడ్డు, వేయించిన ఉల్లిపాయలు.

కిందటి చలికాలం చర్చిలో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ అంటే, అది తానే వండుతానన్నారు. ఎప్పుడైనా వండారా అని అడిగాను.

"తిన్నాను కదమ్మా, చాలదా?" అన్నారు.

చాల్లేదు. మొదటిసారి కొబ్బరిపాలు విరిగిపోయాయి. రెండోసారి అలవాటుకొద్దీ గరం మసాలా వేశారు. మన కోడికూరలో నూడుల్స్ పడ్డట్టయింది. మూడోసారి మరీ నీళ్ళలా వచ్చింది. "పిజ్జా ఈజ్ ఫైన్, నానమ్మా," అంది మా అమ్మాయి.

మా చర్చికి కొత్తగా వస్తున్న బర్మా ఆమెకు ఫోన్ చేశాను. నలభై ఏళ్ళుంటాయేమో. శనివారం వచ్చింది. తలుపు తీస్తూనే అత్తయ్య, అరవై ఏళ్ళుగా నోట పలకని బర్మా భాషలో ఏదో అన్నారు. ఆమె చెప్పుల స్టాండు పట్టుకుని వంగి వంగి నవ్వింది. తేరుకున్నాక నాకు ఇంగ్లీషులో చెప్పింది: ఆంటీ, ఆకలేస్తోంది, నూడుల్స్ ఎక్కువ వెయ్యి అన్నారట. అత్తయ్య బర్మా భాష పదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఈ మాట చెబితే ఆవిడ ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "వంట నేర్పడానికొచ్చింది కదా. ఆంటీ అంటే తప్పేముంది?" అన్నారు. సాయంత్రం దాకా అలాగే పిలిచారు.

కిటుకు శనగపిండిలో ఉంది. దోరగా వేయించి, నీళ్ళలో కలిపి సూపులో పోస్తే చిక్కబడుతుందట. ఇన్నేళ్ళూ ఆ పిండితో పకోడీలు వేసిన అత్తయ్య డబ్బా వైపు గుర్రుగా చూశారు. ఆమె చేపల సాస్ సీసా తీస్తే ముక్కు మూసుకున్నారు. తర్వాత గరిటెతో రుచి చూసి, ఇంకో చెంచా వెయ్యమన్నారు.

ఆదివారం అత్తయ్యే నిలబడి అందరికీ వడ్డించారు. తన వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ. బర్మా ఆమె మాత్రం ముందే ఆవిడ కోసం ఒక డబ్బా తీసి బల్ల కింద దాచింది. ఇంటికొచ్చే దారిలో అత్తయ్య సీటు బెల్టు పెట్టుకుని, చీర మీద ఒలకబోసుకుంటూ డబ్బా మొత్తం తినేశారు. కాస్త రుచి చూస్తావా అని మాలో ఒక్కరినీ అడగలేదు.