అనాబో లోపల ఎవరూ లేరు

నుమాబె ఊళ్లో నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి అడిగినా చెప్తాడు, అనాబో లోపల ఎవరూ లేరని. అనాబో అంటే మా ఊరికి గుర్తుగా తిరిగే తామరదుంప బొమ్మ. మనిషికంటే ఓ జానెడు ఎత్తు, తెల్లటి గుడ్డ ఒళ్లు, ముఖం నిండా గుండ్రటి కన్నాలు, కింద రెండు పొట్టి కాళ్లు. పక్క ఊరివాళ్లు క్యాట్‌ఫిష్ బొమ్మని తయారుచేసి ఊరేగిస్తుంటే చూడలేక, మా మున్సిపల్ ఆఫీసువాళ్లు దీన్ని పుట్టించారు. అది గెంతుతుంది, చిందులేస్తుంది, కనపడ్డవాళ్లనల్లా వాటేసుకుంటుంది. మాట్లాడదు. లోపల ఎవరున్నారని అడగడం, చావింటికెళ్లి భోజనాలెప్పుడని అడగడం లాంటిది. మర్యాద తెలిసినవాళ్లు అడగరు.

ఆ ఎవరూ లేని చోట యాబుకి సదాయె పదకొండేళ్లుగా చెమటలు కక్కుతోంది.

సదాయె నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా టేప్‌రికార్డర్ల ఫ్యాక్టరీలో వెంట్రుకలంత సన్నటి తీగలు అతికించింది. మాట్లాడితే నోటి తడి తీగల మీద పడుతుందని అక్కడ అందరి మూతులకీ గుడ్డలు కట్టేవారు. జనం టేప్‌రికార్డర్లు కొనడం మానేశాక ఫ్యాక్టరీ మూతపడింది, గుడ్డ ఊడింది, సదాయె నోరు మాత్రం తెరుచుకోలేదు. చేపల కొట్లో తన వెనక వచ్చినవాళ్లు తన ముందే కొనుక్కుపోతుంటే, వాళ్లకి దారి ఇస్తూ తనే తల వంచి క్షమాపణ చెప్పేది.

మొగుడు తొకుజిదీ అదే ఫ్యాక్టరీ. తయారైన టేప్‌రికార్డర్లలో క్యాసెట్ వేసి, గరగర వస్తోందో లేదో వినడం ఆయన పని. జీతమంతా చెవులు సంపాదించినవే కాబట్టి నోటిని ఆయన ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. "అన్నం." "స్నానం." "పడుకుంటా." ఈ మూడు మాటలతో ముప్పై ఏళ్ల కాపురం ఈడ్చుకొచ్చిన ఘనుడు. ఆ ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఫ్రిజ్ మాట్లాడేది.

అలాంటి సదాయె తామరదుంప తల పెట్టుకుందంటే చాలు, అమ్మో, అమ్మవారు పూనినట్టే. మేయరు కుర్చీలో కూర్చోబోతే కుర్చీ లాగేసేది. పోలీసాయన టోపీ తీసి తన నెత్తిన పెట్టుకునేది. వరసలో ముందుకు తోసుకొచ్చేవాళ్లని చెవి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టేది, చేపల కొట్లో ముందు కొనుక్కుపోయేవాళ్లయితే ఇంకాస్త గట్టిగా. జనం కడుపులు పట్టుకుని నవ్వేవారు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అయ్యే మగవాళ్లని చూశాం గాని, ఇంట్లో పిల్లి వీధిలో పులి కావడం మా ఊళ్లో ఆమెకే చెల్లింది.

ఉద్యోగంలో చేరేటప్పుడు సెక్షన్ ఆఫీసరు మోగి ఒకే ఒక్క షరతు పెట్టాడు. కన్నవాళ్లకీ కట్టుకున్నవాడికీ కూడా ఈ సంగతి చెప్పకూడదు. సదాయెకి అదేమీ కష్టమనిపించలేదు. చెప్పడానికి ఇంట్లో అడిగేవాడు ఉండాలి కదా. ఆవిడ మున్సిపల్ ఆఫీసులో టీ కప్పులు కడుగుతోందని తొకుజి అనుకున్నాడు. వేసవిలో ఒళ్లంతా తడిసి ఇంటికొస్తే, పాపం చాలా కప్పులున్నట్టున్నాయి అనుకుని ఊరుకున్నాడు.

చిత్రమేమిటంటే, నుమాబెలో అనాబోకి తొకుజిని మించిన భక్తుడు లేడు. తువ్వాలు మీద అనాబో, తాళంచెవికి అనాబో, టీ కప్పు మీద అనాబో. అనాబో ఎక్కడికొస్తే అక్కడికి వెళ్లి చిన్నపిల్లల మధ్య వరసలో నిలబడేవాడు. తన వంతు రాగానే దాన్ని వాటేసుకుని, ముఖం మీది కన్నంలో నోరు పెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేసేవాడు.

"అనాబో, మోకాలు పీకేస్తోందిరా. ఇంట్లో చెప్తే కంగారు పడుతుంది."

మర్నాడు ఇంట్లో మోకాలికి వేసే పట్టీలు ప్రత్యక్షమయ్యేవి. తొకుజి నోరెళ్లబెట్టి, మళ్లీ వచ్చి అనాబోకే చెప్పేవాడు: "మా ఆవిడకి ఏదో విద్య ఉందిరా. నాకు భయమేస్తోంది."

ఒక ఏడాది వసంతంలో, ఫ్యాక్టరీ మూసేసిన రోజున తిన్నగా ఇంటికి రాకుండా సరస్సు గట్టున కూర్చుని ఏడ్చానని చెప్పాడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంటికొచ్చి "అన్నం" అన్నాడట. లోపల సదాయెకి కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామంటే తామరదుంప చేతులు తల లోపలికి దూరవు. అప్పుడు తెలిసింది ఆమెకి, తను ఈ గుడ్డ ఒంట్లో ఉన్నంతసేపే తనకో మొగుడున్నాడని.

కిందటి ఎండాకాలం అనాబో పిల్లల బడిలో ఆడుతూ ఆడుతూ కూలబడిపోయింది. వడదెబ్బ. అనాబోకి నిద్రొచ్చిందని టీచరు పిల్లలకి సర్దిచెప్పింది గాని, మోగికి గుండె జారింది. ఆ తర్వాత కొన్నాళ్లకి సదాయెని పిలిచి కూర్చోబెట్టాడు.

"యాబుకిగారూ, మీ వయసూ మీ ఆరోగ్యమూ ఆలోచించి ఒక నిర్ణయం తీసుకున్నామండీ. మర అనాబోని చేయిస్తున్నాం. దానికి చెమట పట్టదు. నాలుగు భాషలు మాట్లాడుతుంది. పదహారేళ్ల అమ్మాయి గొంతు పెట్టించాం, ముద్దుగా ఉంటుంది."

"ఎప్పట్నుంచండీ?"

"తామరదుంపల జాతర రోజున. గుడ్డ అనాబో తన మెడలో కండువా తీసి మర అనాబోకి వేసి, స్టేజీ దిగిపోతుంది. అంతే." మోగి కాస్త నీళ్లు నమిలాడు. "మీకు సన్మానం చెయ్యాలని మా అందరికీ ఉందండీ. కానీ లోపల ఎవరూ లేరు కదా. ఎవరికని చేస్తాం?"

"అర్థమైందండీ," అని సదాయె తల వంచి లేచొచ్చేసింది. ఉద్యోగం పోతే ఇంకో చోట నిజంగానే కప్పులు కడుక్కోవచ్చు. ఆమె దిగులు అది కాదు. జాతర మర్నాటి నుంచి ఆ మనిషి మోకాలి నొప్పి ఆమెకి ఎవరు చెప్తారు? మళ్లీ ఆ మూడు మాటలూ, ఫ్రిజ్జూ.

గుడ్డ అనాబోకి ఇదే ఆఖరని ఊళ్లో ముందే చాటించడంతో, జాతర రోజు సరస్సు పక్కనున్న మైదానం కిటకిటలాడిపోయింది. తామరదుంప వేపుళ్ల వాసన, బడిపిల్లల బ్యాండు, ముందు వరసలో మేయరు. స్టేజీ మీద నిలబడ్డ గుడ్డ అనాబో పక్కకి మర అనాబో చక్రాల మీద జారుతూ వచ్చి, "నమస్కారమండోయ్! నేనే అనాబో!" అని కిచకిచలాడింది. చప్పట్లు కొట్టారు, మర్యాదకి.

అంతలో స్టేజీ మెట్లు ఎక్కుతూ తొకుజి కనిపించాడు. వెనకాల ఫ్యాక్టరీ స్నేహితులిద్దరు ఒక దుప్పటి పట్టుకున్నారు. దాని మీద 'మా అనాబోని పంపెయ్యొద్దు' అని రాసుంది. అది తను నిన్న ఉతికి ఆరేసిన కొత్త దుప్పటని సదాయె కన్నంలోంచి గుర్తుపట్టింది.

"ఆఫీసరుగారూ, ఇదేం అన్యాయం?" అన్నాడు తొకుజి. ఇంట్లో మూడు మాటల మనిషి, ఇక్కడ నాలుగోది కూడా పలికేశాడు. "పదకొండేళ్లు చాకిరీ చేసినదాన్ని పొమ్మంటారా?"

మోగి నవ్వు ముఖం పెట్టాడు. "ఎవర్నీ పొమ్మనట్లేదండీ. అదీ అనాబోనే, ఇదీ అనాబోనే. కొత్త ఒళ్లు వచ్చిందంతే."

"కొత్త ఒళ్లా! మా ముసలాళ్లకి చేయించండి అయితే!" అని దుప్పటి పట్టుకున్నాయన కేకేశాడు. జనం ఘొల్లుమన్నారు.

తొకుజి నవ్వలేదు. తిన్నగా వచ్చి గుడ్డ అనాబోని వాటేసుకుని, ఎప్పట్లాగే కన్నంలో నోరు పెట్టాడు. "ఒరేయ్, ఆ మర ఒకటే వాగుతుంది. వాగేదానికి నేనేం చెప్పుకుంటాను? నువ్వూ పోతే నాకింకెవరూ లేరురా."

సదాయెకి ముందు ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు వండిపెట్టి, ఉతికిపెట్టి, పట్టీలు వేసి... ఎవరూ లేరా? రెండు చేతులూ ఎత్తి, నిండు జాతరలో, ఆమె అనాబో తల ఊడబెరికేసింది.

అప్పుడు మా ఊరు ఏం చేసిందో చెప్పాలి. ఒక్కరు అరవలేదు. ఒక్కరు వేలెత్తి చూపించలేదు. మైదానంలో ఉన్న అంతమందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి సరస్సు వైపు చూడ్డం మొదలుపెట్టారు. లోపల ఎవరూ లేరు కదా, మరి ఎవర్నని చూస్తారు? "పిల్లలూ, అదిగో కొంగ!" అంది టీచరు. కొంగా లేదు, ఏమీ లేదు. బ్యాండు పిల్లలు బూరలతో సహా తిరిగారు. మేయరు కుర్చీతో సహా తిరిగాడు. మోగి రెండు చేతులూ కట్టుకుని నీళ్ల వంక తపస్సు చేస్తున్నట్టు నిలబడ్డాడు. తిరగనిది మర అనాబో ఒక్కటే. కొత్త ముఖం కనపడేసరికి అది ఉత్సాహంగా, "నుమాబెకి స్వాగతం! మొదటిసారి వచ్చారా?" అని పలకరించింది.

తిరగని మనిషి తొకుజి ఒక్కడే.

"నువ్వా?"

"నేనే. ఎవరూ లేరన్నారుగా. రోజూ మీకు అన్నం పెట్టేది ఎవరు, దయ్యమా?"

"ఎప్పట్నుంచి ఇందులో?"

"మొదట్నుంచీ."

తొకుజి ముఖంలో పదకొండేళ్లూ ఒక్కొక్కటే తిరిగాయి. "అయితే ఆ మోకాలు..."

"విన్నా."

"మీ అక్క వచ్చినప్పుడల్లా నేను చెప్పకుండా బయటికెళ్లి..."

"పార్కులో కూర్చుంటారు. విన్నా."

"గట్టు మీద..."

"అదీ విన్నా," అంది సదాయె మెల్లగా.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నన్ను చెప్పొద్దన్నారు, ఆఫీసువాళ్లు. మిమ్మల్ని ఎవరు చెప్పొద్దన్నారు?"

సరస్సు వైపు చూస్తున్న జనంలో చాలామంది మగవాళ్లు గొంతులు సవరించుకున్నారు.

"యాబుకిగారూ," అన్నాడు మోగి, అటు తిరిగే. "దయచేసి తల పెట్టేసుకోండి. మేమెవరమూ ఏమీ చూడలేదు."

"చూడకపోతే మానెయ్యండి. చెవులున్నాయిగా, వినండి." సదాయె గొంతు తనకే కొత్తగా వినిపించింది. కీచుగా ఉంది, అయినా పర్లేదనిపించింది. "నేను ఈ పని మానను. ఎండైతే నీడలో ఆడతాను, అలసిపోతే కూర్చుంటాను. ఆ మరని ఆఫీసు గుమ్మంలో పెట్టుకుని దారులు చెప్పించుకోండి. జనాన్ని వాటేసుకునే పని నాది."

"అది నా చేతుల్లో లేదండీ. మేయరుగారిని అడగాలి."

వీపుల మధ్యనుంచి ఒక గొంతు వచ్చింది: "నేనిక్కడే ఉన్నానయ్యా. ఉండనీ. అది లాగే కుర్చీ నాది, నాకే బాధ లేదు, మధ్యలో నీకేమిటి?"

అడగందే అమ్మైనా పెట్టదు. అడిగితే మేయరు కూడా పెట్టాడు. జనం వెనక్కి తిరిగే ఉండి, సరస్సుకేసి చప్పట్లు కొట్టారు. నీళ్ల మీది బాతులన్నీ బెదిరి లేచిపోయాయి. మోగి నడుము దాకా వంగి, మర్యాదగా, సరస్సుకి దండం పెట్టాడు. సదాయె తల పెట్టుకున్నాక ఊరంతా ఇటు తిరిగింది, ఏమీ జరగనట్టే. బ్యాండు ఆపిన చోటునుంచే అందుకుంది.

ఇటు తిరిగి చూసేసరికి స్టేజీ మీద తొకుజి లేడు. దుప్పటి ఒక్కటే పడుంది.

సాయంత్రం సదాయె ఇంటికెళ్లేటప్పుడు కాళ్లు బరువుగా పడ్డాయి. ఆయన కోపం చేసుకున్నాడో, సిగ్గుతో చచ్చిపోయాడో, లేక ఇక ఆ మూడు మాటలు కూడా మానేస్తాడో. ఉన్న ఒక్క దారీ చేజేతులా మూసేసుకున్నానా అనుకుంది. తలుపు తీస్తే, తొకుజి బల్ల ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నాడు. ఆమె పులుసు వేడిచేసి పెట్టింది. ఎదురుగా కూర్చుంది. ఫ్రిజ్ గుర్రుమంది.

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. చెమటలు పట్టాయి. ఆమె "అన్నం" కోసం ఎదురుచూసింది.

"సదాయె."

పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

"నువ్వు కాస్త అటు తిరిగి కూర్చుంటావా?"

సదాయె ఒక్క క్షణం చూసింది. చాప మీదే జరిగి, ఆయనకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. వెనకాల ఆయన గొంతు సవరించుకోవడం, టీ ఒక గుక్క తాగడం, కప్పు కింద పెట్టడం వినిపించాయి. తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పులుసు చల్లారిపోయింది. మధ్యలో ఒకసారి ఆమెకి నవ్వాగలేదు గాని, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఇటు తిరగలేదు.