గడువు పొడిగిస్తారులే

ఆ జబ్బు వచ్చిన ఏడాది మా యూనివర్సిటీ అడ్మిషన్ల సెక్షన్‌లో నేను టైపు చేసినన్ని ప్రకటనలు, అంతకుముందు పదేళ్ళలో అన్నీ కలిపినా చేసి ఉండను. పీజీ ఎంట్రన్స్ ఫలానా నెలలో అన్నారు, టైపు చేశాను. వాయిదా అన్నారు, టైపు చేశాను. ఎంట్రన్సే లేదు, డిగ్రీ మార్కులతో సీట్లిస్తాం అన్నారు. ఆ డిగ్రీ ఆఖరి పరీక్షలు పెట్టాల్సింది కూడా మేమేనని, అవి ఇంకా పెట్టనే లేదని, ప్రకటన పేపర్లకు పోయాక ఎవరికో గుర్తొచ్చింది. సరే, ఐదు సెమిస్టర్ల మార్కులు చాలు అన్నారు. వారం తిరక్కుండా చాలవన్నారు. ప్రతి కాగితం కిందా "ఇదే చివరి అవకాశం, ఇక పొడిగింపు ఉండదు" అని ఒక వాక్యం. దాన్ని కొత్తగా కొట్టే పని కూడా ఉండేది కాదు. పాత ప్రకటన తెరిచి, తేదీ మార్చి, ప్రింటు తీసేదాన్ని.

రేపేమవుతుందో ఎవరికీ తెలియని రోజులు, నిజమే. పైన కూర్చున్నవాళ్ళకూ తెలియదు. కానీ తెలియదని ఒక్కరూ ఒప్పుకోరే! తెలిసినట్టే ఉత్తర్వు ఇస్తారు, తెలిసినట్టే మారుస్తారు. ఆ మార్పు సంగతి కిటికీ అవతల నిలబడ్డవాళ్ళకు చెప్పాల్సింది మాత్రం నేను. కిటికీకి ప్లాస్టిక్ షీటు కట్టి, నా మూతికి మాస్కు కట్టి, "మళ్ళీ రండి" అని చెప్పమన్నారు. నేను చెప్పేది అవతలివాళ్ళకు సగం వినపడదు. వినపడిన సగం కూడా మరుసటి రోజుకు మారిపోతుంది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. జబ్బు రాకముందు కూడా మా దగ్గర ఆఖరి తేదీని ఆఖరి తేదీ అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. మొదటి గడువు, తర్వాత జరిమానాతో గడువు, ఆ తర్వాత ఇంకా పెద్ద జరిమానాతో గడువు, అదీ అయిపోతే స్పాట్ అడ్మిషన్లు. కళ్యాణదుర్గం కాలేజీల లెక్చరర్లు కూడా పిల్లలకు అదే చెప్పి పంపేవాళ్ళు, తొందరేం లేదు, పొడిగిస్తారులే అని. మొదటి గడువుకే ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళను చూసి, పాపం కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళం. పొడిగింపు ఎప్పుడొస్తుందో పసిగట్టడంలో మా సెక్షన్‌లో నాకు పెద్ద పేరు. డైరెక్టర్ గారు మధ్యాహ్నం కారెక్కే తీరు చూసి చెప్పేస్తానని నవ్వేవాళ్ళు. నేనూ మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ అమ్మాయిది రాయదుర్గం దగ్గర పల్లె. బీఎస్సీ చదివింది. కాలేజీలు మూసేశాక తల్లితో కలిసి జీన్స్ షెడ్డులో ప్యాంట్లకు జేబులు కుట్టడానికి పోతోంది. కిటికీ కంతలోంచి కాగితాలు ఇచ్చినప్పుడు చూశాను, గోళ్ళ చుట్టూ జీన్స్ నీలం దిగిపోయి ఉంది. ఎమ్మెస్సీ బాటనీకి దరఖాస్తు పెట్టింది. బాటనీ ఎందుకు పాపా, అందరూ కెమిస్ట్రీ అంటుంటే, అని ఊరికే అడిగాను. వాళ్ళ చేలో చెనక్కాయ ఆకు ఏటా మచ్చలు పడి రాలిపోతుందట, మందుల అంగడివాడు ఏటా ఒక కొత్త డబ్బా చేతిలో పెడతాడట, ఆ ఆకులో ఏం జరుగుతోందో తను చూడాలట. చాలా మామూలుగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను, సబ్జెక్టు ఎందుకు తీసుకున్నావంటే అంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. సీటు వస్తే హాస్టల్, హాస్టల్ వస్తే షెడ్డు నుంచి బయటపడడం. రాకపోతే షెడ్డే. ఆ మాట ఆమె చెప్పలేదు కానీ అంతకు మించి వేరే దారి ఏమీ లేదని నాకూ అర్థమైంది.

మొదటిసారి ఆమె వచ్చేసరికి సర్టిఫికెట్ల పరిశీలన వాయిదా పడింది. ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్లో పెట్టాం కదా అన్నాడు మా సూపరింటెండెంటు. ఆ సాయంత్రం వాళ్ళ ఊళ్ళో కరెంటు ఉందో లేదో ఆయనకేం పట్టింది? రెండోసారి వచ్చేసరికి ఐదు సెమిస్టర్ల మెమోలు చాలవని రూలు మారింది. ఆఖరి పరీక్షలు పెట్టి మెమోలిచ్చాక మూడోసారి వచ్చింది, అన్ని కాగితాలూ ఉన్నాయి, సర్వర్ లేదు. బస్సుల్లో సగం సీట్లే ఎక్కించుకునే కాలం. తెల్లారకముందే షేర్ ఆటోలో బయల్దేరి, కళ్యాణదుర్గంలో బస్సు మారి, పదకొండుకు నా ముందు నిలబడేది. పని పోగొట్టుకుని వచ్చేది. వట్టి చేతులతో పోయేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఆమె విసుక్కోకపోతే నాకు ఒళ్ళు మండింది. మూడోసారి నా సెల్ నంబర్ కాగితం మీద రాసిచ్చి, ఇకమీదట ఊరికే రావద్దు, ముందు నాకు ఫోన్ చేసి, నేను రమ్మంటేనే బయల్దేరు అని చెప్పాను. చాలా మంచిపని చేశాననుకున్నాను.

కాగితాలు చూపించి చేరడానికి నాలుగో గడువు ఒక శనివారం. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చిన్న గొంతు, వెనక మిషన్ల హోరు.

"రేపే ఆఖరా మేడం, ఇంకా పొడిగిస్తారా? షెడ్డులో పెద్ద ఆర్డరుండాది. రేపు నాగా పెడితే మళ్ళా రావద్దంటాండాడు మేస్త్రి. మీరు రమ్మంటే వచ్చేస్తా."

ఎదురుగా కంప్యూటర్లో నేను కొట్టిన ప్రకటనే ఉంది. ఇదే చివరి అవకాశం. అంతకుముందు మూడింటిలోనూ అదే వాక్యం ఉంది. నేను నవ్వాను కూడా.

"పొడిగిస్తారులే పాపా. ఇన్నిసార్లు పొడిగించినోళ్ళు ఈసారి పొడిగించరా? పని పోగొట్టుకోవద్దు. సోమవారం రా."

సరే మేడం అని పెట్టేసింది. ఇంకో ప్రశ్న వేయలేదు. నేను చెప్పాక ఇంక ప్రశ్నేముంది ఆమెకు?

శనివారం పొద్దున్నే పొడిగింపు ప్రకటన తెరిచి పెట్టుకున్నాను. తేదీ ఒక్కటి మార్చాలి. పన్నెండైంది, ఒంటిగంటైంది, పైనుంచి ఎవరూ పిలవలేదు. మూడింటికి ఉత్తర్వు వచ్చింది. విద్యాసంవత్సరం ఇప్పటికే బాగా వెనకబడింది, అడ్మిషన్లు ఈరోజు ఐదింటికి ముగించాలి, ఖాళీల జాబితా సోమవారం పంపాలి, ఏ కారణం మీదా పొడిగింపు లేదు. చదివి మళ్ళీ చదివాను. ఆ క్షణం నాకు వచ్చిన కోపం ఎవరి మీదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ఏడాదంతా ఒక్క మాట మీద నిలబడని యూనివర్సిటీ, సరిగ్గా ఆ శనివారమే నిలబడింది.

వెంటనే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పెద్ద ఆర్డరని ఆరోజు షెడ్డులో ఫోన్లన్నీ గేటు దగ్గర డబ్బాలో వేయించుకున్నారట, సాయంత్రం దాకా ఇవ్వలేదట. అది నాకు తర్వాత తెలిసింది. ఐదింటిదాకా చేస్తూనే ఉన్నాను. ఎత్తినా ఏం లాభం, రాయదుర్గం నుంచి రెండు గంటల్లో ఎట్లా వస్తుంది? అయినా చేశాను. ఆరున్నరకు ఆమే చేసింది, భయంతో, ఏమైంది మేడం అన్ని ఫోన్లు అని. గడువు అయిపోయిందని చెప్పాను. సోమవారం వస్తానంది.

సోమవారం తండ్రితో వచ్చింది. ఆ ఏడు మా కరువుసీమలో వాన ఆగకుండా కురిసింది. కాయలతో సహా పీకి వేసిన చెనక్కాయ కట్టెంతా చేలోనే బూజు పట్టి నల్లబడుతోందట. దాన్ని తిరగేసే పని వదిలేసి ఆయన కూతురి వెంట వచ్చాడు. ఇద్దర్నీ వెంటబెట్టుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. నా గొంతు ఆరోజు బాగానే లేచింది. మూడుసార్లు వచ్చి తిరిగిపోయింది సార్, ఆ మూడుసార్లూ తప్పు మనదే, బాటనీలో సగం సీట్లు ఖాళీగా పడున్నాయి, ఈ అమ్మాయిని చేర్చుకుంటే ఎవరి సొమ్ము పోతుంది అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. మాస్కు కిందికి లాగి, కళ్ళజోడు తుడుచుకుని, నెమ్మదిగా అమ్మాయినే అడిగాడు.

"మన ఆఫీసులో ఎవరైనా గడువు పొడిగిస్తారని నీకు చెప్పారా? చెప్పి ఉంటే అది మన తప్పు. ఆ మాట రాసి పైకి పంపిస్తాను, సీటు ఇప్పించవచ్చు. ఎవరు చెప్పారమ్మా?"

నేను ఆమె పక్కనే ఉన్నాను. ఒక్క అడుగు దూరం కూడా లేదు. సూపరింటెండెంటుగా నా ప్రమోషన్ ఫైలు ఆ వారమే ఆ బల్ల మీదికి వచ్చి ఉంది. అట్టకున్న ఆకుపచ్చ దారం నాకు కనబడుతూనే ఉంది. నోరు తెరవాలి. తెరుస్తాను, ఒక్క నిమిషం, మాట ఎట్లా మొదలుపెట్టాలో చూసుకుంటున్నాను, అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆమె ఒకసారి నావైపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో మరి.

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే అనుకుంటి."

డైరెక్టర్ గారు చేతులెత్తేశాడు. చూశారు కదా మేడం, నేనేం చేయను అన్నాడు. బయటికి వచ్చాం. వరండాలో ఆ తండ్రి రెండు చేతులూ జోడించాడు. "మా కోసరం లోపలికొచ్చి ఇంతసేపు మాట్లాడినారు మేడం. ఎవురు మాట్లాడతారు ఈ కాలంలో?" అన్నాడు. ఆయన ఒక దెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అమ్మాయి నేలను చూస్తూ నిలబడింది. ఇద్దరూ బస్సుకు పోయారు.

సీటుకు వచ్చి కూర్చున్నాను. అన్నం డబ్బా తెరవలేదు. కిటికీ దగ్గర ఎవరో వచ్చి ఏదో అడిగితే కసురుకున్నాను. ఒక గంట యూనివర్సిటీని తిట్టుకున్నాను, ఇంకో గంట ఆ ఉత్తర్వు ఇచ్చినవాళ్ళను తిట్టుకున్నాను. తిట్టాల్సిన మనిషి ఇంకొకరు మిగిలి ఉన్నారని నాకు మొదటినుంచీ తెలుసు. మూడున్నరకు తెల్లకాగితం తీసి, గడువు పొడిగిస్తారని అభ్యర్థికి ఫోన్లో చెప్పింది నేనేనని రాసి, సంతకం పెట్టి, డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు.

"పొద్దున ఇక్కడే ఉన్నారు కదా. అప్పుడే చెప్పలేకపోయారా? ఖాళీల జాబితా రెండు గంటలకే పంపించేశాను, ఇంక నా చేతిలో లేదు."

ఏ ఫైలూ వారం తిరక్కుండా కదలని ఆఫీసు మాది. ఆరోజు రెండింటికే కదిలింది. ఇంక ఎవరిని తిట్టను?

ఆయన నా కాగితం పైకి పంపాడు, తన వంతుగా. నెల తర్వాత జవాబు వచ్చింది. క్లాసులు మొదలైపోయినందున పరిశీలించడం వీలుకాదట. అదే కవరులో నాకొక మెమో. ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కిపోయింది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. బాటనీ విభాగంలో ఆ ఏడాదంతా సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. అటువైపు పని పడితే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

మరుసటి ఏడాదికి పద్ధతి మళ్ళీ మార్చారు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ కాదు, రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష అన్నారు. దానికీ తేదీలు మారాయి, దానికీ సర్వర్లు పడుకున్నాయి, కొత్తగా ఏమీ లేదు. పరీక్ష నోటిఫికేషన్ వచ్చిన మూడోరోజు ధైర్యం చేసి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఏడాదిలో అదే మొదటిసారి. ఎత్తుతుందో లేదో అనుకున్నాను, ఎత్తింది. వెనక అవే మిషన్లు. పాపా, దరఖాస్తులు మొదలైనాయి, ఆఖరి తేదీ ఈ నెలాఖరు, పొడిగిస్తారని మాత్రం అనుకోవద్దు, అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"మొదటిరోజే కట్టేసినా మేడం," అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, ఎప్పటిలాగే మర్యాదగా. "ఈసారి ఎవుర్నీ అడగలేదు."

మంచిపని చేసినావు అన్నాను.