నలుగురిలో ఒకరికి

మా అక్కని మా చిన్నమామయ్యకిచ్చి పెళ్ళి చేశారు. మామయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు. ఇప్పటి పిల్లలు ఈ మాట వింటే ముఖం అదోలా పెడతారు గాని, తొంభైల చివర్లో మా గుంటూరు పల్లెల్లో ఇదేమీ వింత కాదు. అక్క కూతురి మీద మేనమామకి హక్కుందనేవాళ్ళు. పిల్ల కళ్ళ ముందే ఉంటుంది, అత్తగారు సొంత అమ్మమ్మే కాబట్టి ఆరళ్ళుండవు అనేవాళ్ళు. నిజంగానే అమ్మమ్మ అక్కని ఒక్కరోజు కూడా కష్టపెట్టలేదు. అక్కకి వచ్చిన ఇబ్బందల్లా పిలుపుతోనే. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ "మామయ్యా" అని పిలిచిన మనిషిని "ఏవండీ" అనడం దానికి ఎన్నాళ్ళకీ అలవాటు కాలేదు. చుట్టాల ముందు "మామయ్యా, మజ్జిగ పొయ్యనా" అనేసి నాలిక కరుచుకునేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

మావాళ్ళు గుడ్డిగా మాత్రం చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. దగ్గరి సంబంధం చేసుకుంటే పిల్లలు అవకరంగా పుడతారన్న మాట అప్పటికే మా ఊళ్ళోకి వచ్చింది. దాని వెనకే విరుగుడు కూడా వచ్చింది. ఆలుమగల బ్లడ్ గ్రూపులు వేరువేరైతే ఏ భయమూ లేదట. ఈ విరుగుడు కనిపెట్టిన మహానుభావుడెవరో నాకింతవరకూ దొరకలేదు. దొరికితే కడిగి పారేసేదాన్ని. ఆ రోజుల్లో మేనరికం అనుకున్నారంటే జాతకాలు పంతులుగారి దగ్గరికి, రక్తాలు గుంటూరు ల్యాబుకి వెళ్ళాల్సిందే. అక్కది ఓ పాజిటివ్, మామయ్యది బి పాజిటివ్ అని తేలింది. నాన్న బస్సు దిగుతూనే "ఇంక ఢోకా లేదు" అన్నాడు. అమ్మమ్మ ఆ సాయంత్రమే మంగళగిరి చీరల మాటెత్తింది.

నేనప్పుడు ఇంటర్లో బైపీసీ చదువుతున్నాను. బఠాణీ మొక్కల పాఠం నాకు కంఠతా వచ్చు. బయటికి కనపడే గుణం బహిర్గతం, దాని చాటున దాక్కునేది అంతర్గతం. పొడుగు మొక్కలో పొట్టిదనం దాక్కుని ఉంటుంది, అలాంటి రెండు మొక్కల్ని కలిపితే మళ్ళీ పొట్టిది బయటపడుతుంది. పుస్తకంలో మొక్కల బొమ్మలే వేశారు గాని, మామయ్యల బొమ్మలూ అక్కల బొమ్మలూ వెయ్యలేదు.

పెళ్ళయిన రెండో ఏడు పాప పుట్టింది. బంగారు బొమ్మలా ఉండేది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకునేవాళ్ళు. ముక్కు అమ్మమ్మది, గడ్డం మీద సొట్ట మా అమ్మది, నడినెత్తిన రెండు సుడులు మామయ్యవి. చెవులు మాత్రం మా పోలికేనని నాన్న మురిసిపోయేవాడు. నాకు మిగిలింది కోపమొక్కటే కాబట్టి, పాలు ఆలస్యమై అది గుక్కపట్టినప్పుడల్లా "అచ్చం పిన్ని" అని నవ్వుకునేవాళ్ళు.

ఏడాది దాటినా పాప మాట్లాడలేదు. ఎవరూ కంగారు పడలేదు. "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే" అని అమ్మమ్మ కొట్టిపారేసింది. తల్లిదండ్రుల్నించి ఏది వచ్చినా ముచ్చటే కదా అనుకున్నాం.

ఆ ఏడు మిరప కోతలయ్యాక కల్లంలో కాయ ఎండబెట్టారు. అక్క తాలుకాయలు ఏరుతోంది. రంగు పోయిన కాయల్ని మేము తాలు అంటాం. పాప కొంచెం దూరంలో, దారికి వీపు పెట్టి కూర్చుని, ఎండుకాయని వెలుతురుకి ఎత్తి ఊపితే లోపల గింజలు కదలడం చూస్తూ ఆడుకుంటోంది. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎత్తడానికి వచ్చిన ట్రాక్టరు వెనక్కి రావడం మొదలుపెట్టింది. మామయ్య అరిచాడు. కూలీలందరూ అరిచారు. అన్ని కేకలకి పక్క చేలో కొంగలు లేచిపోయాయి గాని పాప తల తిప్పలేదు. డ్రైవరు ఎలా ఆపాడో, వెనక తగిలించిన ట్రక్కు పాపకి బెత్తెడు దూరంలో ఆగింది. మామయ్య ఒక్క ఉదుటున దాన్ని ఎత్తుకున్నాడు. అది వాళ్ళ నాన్న మీసం పట్టుకుని నవ్వింది. అక్క మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. ఆ క్షణానే తనకి అర్థమైపోయిందని తర్వాత నాతో చెప్పింది.

గుంటూరులో చెవి పరీక్షలన్నీ అయ్యాక ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పంపారు. నేనూ వెళ్ళాను. ఆవిడ కాగితాలు చూసి, "మీది మేనరికమా?" అని అడిగింది.

"అవునండి. కానీ ముందే రక్తపరీక్షలు చేయించామండి. గ్రూపులు వేరే వేరే వచ్చాయి," అన్నాడు మామయ్య, తప్పు చెయ్యకుండానే దెబ్బలు తిన్న పిల్లాడిలా.

"గ్రూపుకీ దీనికీ సంబంధం లేదండి," అందావిడ మెల్లగా. "అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒక జన్యువు వస్తాయి. ఒకటి పాడైనదైనా రెండోది బాగుంటే చెవి పనిచేస్తుంది. పాడైనది లోపలుందని మనిషికి తెలియను కూడా తెలియదు. మీ ఇద్దరిలోనూ అలా ఒక్కొక్కటి ఉంది. ఒకే ఇంటివాళ్ళు కదా, ఒకే పెద్దల దగ్గర్నించి వచ్చుంటుంది. ఆ రెండూ పాపకి వచ్చాయి."

"తర్వాత పుట్టేవాళ్ళకి?" అక్క అడిగింది. ఆ రోజు అది మాట్లాడిన మాట అదొక్కటే.

"నలుగురిలో ఒకరికి రావచ్చమ్మా. ప్రతి కాన్పుకీ అంతే. ముందుగా చెప్పే పరీక్ష మన దగ్గర లేదు."

ఇంటికి రాగానే అమ్మమ్మ మొత్తం విని, కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "నలుగురిలో ఒకరికేగా," అంది. "ఆ ఒక్కటీ అయిపోయింది. ఇంక ముగ్గురూ మణిపూసల్లా పుడతారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మమ్మా, అదేమన్నా రేషనా, ఇంటికొకటి ఇచ్చేసి పోవడానికి? ప్రతిసారీ మళ్ళీ మొదటికే వస్తుంది. నువ్వు గవ్వలాడతావు గదా. పోయినసారి ఏం పడిందో గవ్వలకి గుర్తుంటుందా?"

"నాకు ఎప్పుడూ పడాల్సిందే పడుద్ది. పెళ్ళి కాని దానివి, నీకెందుకే కాన్పుల సంగతి," అంది. ఊళ్ళో ఎవరిని అడిగినా అమ్మమ్మ లెక్కే కరెక్టన్నారు. చదువుకున్న మా పెదనాన్నగారు కూడా తల ఊపారు.

నాన్నకి మాత్రం నేను మిరపతో చెప్పాను. విత్తనానికి కాయ ఏరడంలో నాన్న ఆరితేరినవాడు. చేనంతా తిరిగి మంచి ఎర్రటి కాయలే ఏరి గింజ తీసేవాడు. అయినా ఒకోసారి మరుసటి ఏడు సాళ్ళలో ఎక్కడో ఒక మొక్క పసుప్పచ్చ కాయలు కాసేది. "ఆ పసుపు ఎక్కడినుంచి వచ్చింది నాన్నా? నువ్వేరిన ఎర్రకాయలోనే దాక్కునుంది. ఎరుపు పక్కనుంటే అది బయటపడదు. రెండు పసుపులు ఒకే గింజలో కలిస్తే ఇంక దాచేదేముంది?" అన్నాను.

నాన్న నా వైపే చూస్తూ విన్నాడు. ఆయనకి తెలిసిపోయింది. "అట్టాంటి మొక్క కనపడితే పీకి పారేస్తాం గదమ్మా," అనేసి ఠక్కున ఆగిపోయాడు. పాప ఆయన ఒళ్ళోనే ఉంది, చొక్కా గుండీతో ఆడుకుంటోంది. దాన్ని నా చేతికిచ్చి దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత విత్తనాల మాట నేను ఇంట్లో ఎత్తలేదు.

ఇంక ఎవరి వైపు నుంచి వచ్చిందన్న రభస మొదలైంది. మా వంశంలో చెవుడు లేదంటే మా వంశంలో లేదని నాన్న వైపూ, అమ్మమ్మ వైపూ. బయటికి కనపడకుండా దాక్కోవడమే దాని లక్షణమని నేను గొంతు చించుకున్నా వినేవాళ్ళు లేరు. చివరికి మా అమ్మే గుర్తుచేసింది. వాళ్ళ నాన్నకి, అంటే మా తాతయ్యకి, ఒక అక్క ఉండేదట. చిన్నప్పుడు పాముని చూసి జడుసుకుంటే మాట పడిపోయిందని చెప్పుకునేవారట. పెళ్ళి చెయ్యలేదు. గొడ్లచావిట్లో చాకిరీ చేస్తూనే పోయింది.

"పాము నోరు పట్టుకుపోతే పట్టుకుపోయింది, చెవులు కూడా పట్టుకుపోయిందా?" అని అడిగాను. ఆ ముసలామెని మూగది మూగది అనడమే గాని, ఆమె పేరు ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అందుకే.

పాప పెరిగింది. దానికీ అక్కకీ మధ్య ఒక భాష పుట్టింది. మీసం తిప్పితే నాన్న, నోరు బోసిగా పెడితే అమ్మమ్మ, నాలిక పట్టుకుని ఊదితే మిరపకాయ. నేనంటే నడుం మీద చెయ్యేసి కనుబొమలు ముడిచేది. నా ఎదుటే అలా పెట్టి కిసుక్కున నవ్వేది. మేమందరం ఆ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాం గాని, అన్నానికి రా, నిద్రపో, తప్పు, అంతవరకే. దానితో కూర్చుని కబుర్లు చెప్పగలిగింది అక్క ఒక్కతే. వీధి పిల్లలు కొంచెంసేపు ఆడేవాళ్ళు. ఆట నియమాలు మార్చుకోవడం నోటితో కదా జరిగేది, ఇది పాత నియమం ప్రకారమే పరిగెత్తి తిట్లు తినేది. ఆ తిట్లు వినపడకపోవడం ఒక్కటే మేలు. పట్నంలో ఇలాంటి పిల్లల బడి ఉందని తెలిసి అక్క చూసొచ్చింది. హాస్టల్లో ఉంచాలన్నారు. అంత చిన్నపిల్లని వదల్లేక వెనక్కి తీసుకొచ్చేసింది.

పాపకి ఆరేళ్ళు వచ్చేసరికి అక్క మళ్ళీ నీళ్ళోసుకుంది. ఇల్లంతా సంబరం. ఆ ఒక్కటీ అయిపోయిందిగా. నేనప్పటికి ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతున్నాను. రోజూ నల్లబల్ల మీద బఠాణీ మొక్కలకి నాలుగు గళ్ళు గియ్యడం, పొట్టి మొక్క పడే నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగిపోవడం. మూడు గళ్ళు మంచివేనని మనసుకి సర్దిచెప్పుకోవడం, మర్నాడు మళ్ళీ ఆ ఒక్క గడే కనపడడం. సెలవు దొరికితే చాలు అక్క దగ్గర వాలేదాన్ని.

"నీకు భయంగా లేదా?" అని ఒకసారి అడిగేశాను.

"ఎట్టా పుట్టినా నా బిడ్డే గదే," అంది వేరుశనక్కాయలు వలుస్తూ. దాని గుండె ధైర్యానికి దణ్ణం పెట్టుకున్నాను.

బాబు పుట్టాడు. పురుడు కాగానే అమ్మమ్మ కంచం, గరిటె పట్టుకుని తయారైంది. పసిగుడ్డు చెవి దగ్గర కంచం మోగిస్తే ఊరుకోనని నేను లాక్కున్నాను. మూడో నెల రాగానే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలనుకున్నాం. ఈలోగా ఎవరి చెయ్యి వాళ్ళకి ఆగేది కాదు. మామయ్య తలుపు కావాలనే గట్టిగా వేసేవాడు. నిద్రలో వాడు కదిలితే తలుపుకా, దోమకా అని తగువు. నేనొచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు చావిట్లో చాప మీద మెలకువగా పడుకుని ఉన్నాడు. పాప పక్కనే కూర్చుని వాడి వేళ్ళు విప్పుతోంది. వంటింట్లో కుక్కరు కూత వేసింది.

వాడు రెండు చేతులూ ఎగరేసి ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు. మేమందరం ఎక్కడివాళ్ళం అక్కడే బిగుసుకుపోయాం. రెండో కూత వచ్చింది. మళ్ళీ ఉలిక్కిపడ్డాడు. మామయ్య గుమ్మంలో కూలబడి కండువా మొహాన కప్పుకుని భోరుమన్నాడు. "నేను చెప్పలా, ఆ ఒక్కటేనని," అంది అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ. ఆమెతో వాదించాలనిపించలేదు. నేనూ సంతోషంతో ఏడుస్తున్నాను.

పాపకి ఏమీ అర్థం కాలేదు. తమ్ముడు ఉన్నట్టుండి ఎందుకేడ్చాడు, నాన్న ఎందుకేడుస్తున్నాడు? చెయ్యి తిప్పి "ఏమైంది" అని నన్నడిగింది. అమ్మమ్మనడిగింది. మళ్ళీ నన్నడిగింది. "వాడికి వినపడింది" అని చెప్పడానికి మా ఇంటి సైగల్లో సైగ లేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ దాని అవసరం రాలేదు. అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చి, రెండు వేళ్ళతో తన చెయ్యి గిల్లుకుని చూపించి, తమ్ముడికి చీమ కుట్టిందని చెప్పింది. పాప నమ్మింది. చాప అంచులెత్తి చీమ కోసం వెతకడం మొదలుపెట్టింది.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. గట్టుకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"గండం గడిచింది గదే, ఇంకెందుకే ఏడుపు?" అన్నాను.

"వీడు మీ అందరిలో కలిసిపోతాడే," అంది. "అది ఒక్కతే మిగిలిపోయింది."

నేను దాని భుజం మీద చెయ్యేశాను. అక్క నా మొహం చూడకుండా చెప్పింది. "వీడూ దానిలాగే పుట్టాలని మొక్కుకున్నానే. ఈ తొమ్మిది నెలలూ అదే మొక్కు. నేను పోయాక దానితో మాట్లాడే మనిషి ఒకరుండాలిగా. కన్నతల్లి మొక్కుకోవాల్సిన మొక్కేనా ఇది, నువ్వే చెప్పు."

ఛీ, అవేం మాటలే అనబోయాను. ఇల్లంతా ఒక బిడ్డ చెవుల కోసం భయపడుతుంటే, అక్క పెద్దబిడ్డ ఒంటరితనం గురించి ఒక్కతే భయపడింది. వంటింట్లో నిలబడడం నా వల్ల కాలేదు. చావిట్లోకి వచ్చేశాను. పాప ఇంకా చీమ కోసం వెతుకుతూనే ఉంది. నేనూ దాని పక్కన కూర్చుని వెతికాను.