అడుగు అరిగిన ఉంగరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బంగారం మాటల్లోనే తిరిగేది. నన్ను బంగారుతల్లి అనేవారు, చేను బాగా పండితే బంగారం పండిందనేవారు, కళ్ళతో చూద్దామంటే మాత్రం మా అత్తయ్య చెవులకు తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. మాది అరకులోయకు ఎగువన కొండవాలున ఉన్న చిన్న ఊరు. మిషను వాళ్ళు కట్టిన పెంకుల చర్చి, దాని చుట్టూ మా ఇళ్ళు, ఇళ్ళ వెనక పసుపుపచ్చగా పూసే వలిసె చేలు. అమ్మా నాన్నా కొయ్యూరు వైపు బడిలో పాఠాలు చెప్పేవారు కనుక నేను మా అమ్మమ్మ దగ్గరే పెరిగాను. అమ్మమ్మ మెడలో ఒక వెండి కంటె ఉండేది. అది ఆమెకు అత్తగారిచ్చింది, ఆ అత్తగారికి ఆవిడ అత్తగారిచ్చింది. మొదట చేయించుకున్నది ఎవరో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి మా మనవరాలి ఉంగరం కారణం. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న పిల్ల, మెచ్చిన అబ్బాయితో ప్రధానం, అదే నిశ్చితార్థం, కుదిరింది. మొన్న సెలవుకు వచ్చి ఫోను నా ఒళ్ళో పెట్టి ఉంగరం బొమ్మ చూపించింది. పేరున్న డిజైనరు చేసిందట. సన్నటి తీగ మీద ఆకులు అల్లుకున్నట్టు ఉంది, నాకే ముద్దొచ్చింది. అయితే కొత్తది కాదు. ఎవరో అమ్మాయి వేసుకుని తర్వాత అమ్మేసింది. అది తెలిసే ఇద్దరూ కలిసి ఎంచుకున్నారు. "ఇంత అందమైనది ఉండగా, కొత్త బంగారం కోసం మళ్ళీ ఎక్కడో ఏ కొండనో తవ్వాలా నానమ్మా?" అంది. కొండల్లో పుట్టిన పిల్లకు ఆ మాట తోచడంలో వింతేమీ లేదు. మా కోడలు మాత్రం ముఖం ముడుచుకుంది. ఎవరో వదిలేసిన ఉంగరం, ఎందుకు వదిలేసిందో ఏమో, అలాంటిది పిల్ల వేలికి తొడిగితే మంచిదా అని పూటకోసారి అంటూనే ఉంది. చివరికి తల్లీ కూతుళ్ళిద్దరూ నా ముఖం చూశారు. అడిగితే తీర్పు చెప్పను, కథ చెబుతానని మా ఇంట్లో నాకు పేరు. కాబట్టి వాళ్ళను కూర్చోబెట్టి మా పిన్ని ప్రధానం గురించి చెప్పాను.

పిన్ని మా అమ్మమ్మకు ఆఖరి కూతురు. నా తల దువ్వేది, నా అల్లరి భరించేది ఆవిడే. పెళ్ళికొడుకు పెదబయలు వైపు మనిషి, మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే అబద్ధం రాదు. ప్రధానానికి ముందు రోజు వాళ్ళవాళ్ళంతా కొండ దాటి నడిచి వచ్చారు. మా ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని మర్నాటి భోజనాలకు అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నారు. ఉంగరం చూపించమని ఎవరో అడిగితే ఆయన జేబురుమాలు ముడి విప్పి ఇచ్చాడు. దాని మీద ఒక పువ్వు చెక్కి ఉంది. రేకలు వేటికవి విడివిడిగా, అచ్చం మా చేలో వలిసె పువ్వు. అంత నగిషీ పని మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. కుట్టే ఆకులు పక్కన పడేసి అందరూ దాని చుట్టూ మూగారు.

అప్పుడు మా అత్తయ్య చేతికి వచ్చింది. అత్తయ్య అంటే మా పెద్దమామయ్య భార్య, అనకాపల్లి దిగువన పుట్టిన మనిషి, బంగారం గురించి ఇంట్లో ఆవిడ మాటే మాట. పువ్వును చూడలేదు. ఉంగరాన్ని తిరగేసి అడుగున బొటనవేలితో రాసి చూసింది.

"ఏటిది, అడుగంతా అరిగిపోయినాది? ఇది ఎవులో వేసుకున్న ఉంగరం" అంది.

అందరం పెళ్ళికొడుకు వంక చూశాం. ఆయన తడుముకోలేదు. కింద మైదానపు ఊళ్ళో బంగారం కొట్టుకు వెళ్ళాననీ, తన తాహతుకు వచ్చే కొత్త ఉంగరాలన్నీ ఉత్త తీగముక్కల్లా ఉన్నాయనీ, ఎవరో అమ్ముకున్న ఈ ఉంగరం మీద పువ్వు చూడగానే పిన్ని గుర్తొచ్చిందనీ చెప్పాడు. పిన్నికి ఆ సంగతి ముందే చెప్పానన్నాడు. మా మామయ్యకు రైల్వేలో ఉద్యోగం, నలుగురిలో పరువు పోయిందనుకున్నాడు. "మా గుంటకి ఒకరి వేలిది తెచ్చి పెడతావేటి? కొత్తది తెచ్చినాకే ప్రధానం" అని తేల్చేశాడు. పెళ్ళికొడుకు పెద్దనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. మా వైపు వియ్యాలవారు విస్తరి ముట్టకుండా లేచిపోయారంటే ఆ సంబంధం తెగినట్టే. మళ్ళీ ఆ దారిన రారు.

మా అమ్మమ్మ అరుగు మెట్లకు అడ్డం నిలబడింది. కొండెక్కి వచ్చిన కాళ్ళు, అన్నం తిని మాట్లాడుకుందాం అంది. ఆమె నిలబడ్డ చోటు నుంచి కదిలితే గానీ బయటికి దారి లేదు. వాళ్ళు కూర్చున్నారు.

తర్వాత అమ్మమ్మ వంటపాకలోకి వచ్చింది. పిన్ని అంబలికి చోడిపిండి జల్లిస్తూ ఏడుస్తోంది. నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నాను. అమ్మమ్మ ఓదార్చలేదు. "నీకు నచ్చినాదా?" అని మాత్రం అడిగింది. పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఉంగరమూ నచ్చినాది, మడిసీ నచ్చినాడు" అంది. అమ్మమ్మకు అది చాలు. తిరిగి అరుగు మీదికి వచ్చి అత్తయ్యకు తన కంటె చూపించి, నా మెళ్ళోది కొత్తదా ఏటి అని అడిగింది. అత్తయ్య తగ్గలేదు. "అది ఇంటిది అత్తా, ఇది ఊరూ పేరూ తెలీనోళ్ళది" అంది. అమ్మమ్మ "అవునే, అదీ నిజమే" అని ఊరుకుంది. మా అమ్మమ్మ ఓడిపోయిందనుకుని నాకు దుఃఖం ఆగలేదు.

తెల్లవారింది. దూరం నుంచి పాస్టరుగారు వచ్చారు కనుక ప్రార్థన వరకూ కానిచ్చి, ఉంగరం సంగతి తర్వాత చూద్దామని మామయ్య ఒప్పుకున్నాడు. మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ప్రధానపు ఉంగరాన్ని పళ్ళెంలో పెట్టి అందరి ముందుకూ తిప్పుతారు. ఒక్కొక్కరూ ముట్టి దీవించాకే అది పెళ్ళికూతురి దగ్గరికి చేరాలి. ఇదీ ప్రార్థనలో భాగమేనంటూ ఆ రోజు అమ్మమ్మ పెళ్ళికొడుకు దగ్గర ఉంగరం తీసుకుని, పళ్ళెం తానే పట్టుకుంది. "ఆడవోళ్ళు ఊరికే ముట్టడం కాదు, వేలికి తొడిగి పార్థన సేసి ఇవ్వాల. ముందు ఇంటి పెద్దకోడలు" అంది. ఇలాంటి ఆచారం ఎక్కడిదని పాస్టరుగారు తెల్లబోయారు. అమ్మమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా సంఘంలో ఎవరూ లేరు.

నలుగురిలో కాదనలేక అత్తయ్య తొడుక్కుంది. ఆవిడ వేళ్ళు బొద్దువి. లోపలికైతే పోయింది, ప్రార్థన గబగబా ముగిసింది, బయటికి మాత్రం రాలేదు. తిప్పింది, లాగింది. వేలు ఎర్రబడింది గానీ ఉంగరం కణుపు దాటలేదు. వెనక వరసలో ఒక ముసలమ్మ "ఒలే, ఇంక నీకే ప్రధానం" అంది. కొంగులు నోటికడ్డం పెట్టుకుని ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మమ్మ పళ్ళెం కింద పెట్టి, అత్తయ్య చేతిని లాక్కుని, ఆముదం రాసిన తన కొప్పులో ఆ వేలిని రెండు మూడుసార్లు రుద్దింది. ఉంగరం ఊడి వచ్చింది. అప్పటికి అత్తయ్యకూ నవ్వు ఆగలేదు. మామయ్య కిటికీ వైపు తిరిగాడు, ఆయన భుజాలు కదులుతున్నాయి.

తర్వాత ఉంగరం వరసగా వెళ్ళింది. కట్టెలు కొట్టి కాయలు కాచిన చేతులు, పసుపు దంచిన చేతులు, వణికే ముసలి చేతులు. ఒక్కొక్కరూ తొడుక్కుని, పువ్వును ఒకసారి చూసుకుని, కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళకిచ్చారు. కొందరు ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశారు కూడా. ఆఖరున అమ్మమ్మ తొడుక్కుని అడుగున బొటనవేలితో రాసింది.

"మా కోడలు సరిగ్గానే సూసినాది. దీని అడుగు అరిగిపోయినాది. అరిగిందంటే ఏటి? అదెవులో మహాతల్లి, నీళ్ళు తోడినా తియ్యనేదు, తిరగలి తిప్పినా తియ్యనేదు. మొగుడి మీద కోపమొచ్చిన నాడైనా తియ్యనేదు. ఎందుకు అమ్ముకున్నాదో దేవుడికెరుక. ఆకలేసినాదో, బిడ్డకి బాగునేదో. ఆ తల్లి కోసం కూడా పార్థన సెయ్యండి" అంది. తర్వాత మామయ్య వైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పు నాయనా. ఒక్క సెయ్యి తగిల్తే మైల, ఊరందరి సెయ్యి తగిల్తే దీవెనా?"

మామయ్య తరఫున అత్తయ్యే మాట్లాడింది, కందిపోయిన వేలు రాసుకుంటూ. "నాను కూడా ఏసుకున్నాను కదా, ఇంకేటి. బేగి కానివ్వండి, అన్నం సల్లారిపోతాది" అంది. పెళ్ళికొడుకు పిన్ని వేలికి ఉంగరం తొడిగాడు. కాస్త వదులైంది. పిన్ని అడుగున దారం చుట్టుకుని సరిచేసుకుంది. ఆ పూట పెళ్ళికొడుకు పెద్దనాన్న అడిగి మరీ పనసకాయ కూర వేయించుకున్నాడు.

పిన్ని ఇప్పుడు రాజవొమ్మంగిలో కొడుకు దగ్గర ఉంది. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. పోయినసారి చూడబోతే నా చెయ్యి పట్టుకుని వదలలేదు. ఉంగరం మీద పువ్వు చాలావరకు చెరిగిపోయింది, ఏది రేకో ఏది తొడిమో తెలియదు. అడుగు వెంట్రుకంత మిగిలింది. ఆ ప్రధానం రోజు నుంచి ఎవరి చేతి ఉంగరం చూసినా నా కళ్ళు దాని అడుగుకే పోతాయి. ఒకరు వాడి విడిచిన వస్తువు ఏది నా చేతికి వచ్చినా, చీరైనా చెంబైనా, వాడిన మనిషిని తలుచుకుని మంచి జరగాలని కోరుకోకుండా ముట్టుకోలేను. మా అమ్మమ్మ నాకిచ్చిన ఆస్తి అదే.

కథ విన్న మా కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. నిన్న ఉంగరం పార్సిలు వచ్చింది. కూతురి కంటే ముందు తనే పెట్టె విప్పింది. తిరగేసి, అడుగున బొటనవేలితో రాసింది. వెలుతురులోకి పట్టి మళ్ళీ చూసింది.

"అడుగు అసలు అరగనే లేదత్తయ్యా. పాపం, ఆ అమ్మాయి ఎక్కువ రోజులు పెట్టుకోలేదు" అంది. ఆ పాపం అన్న మాటతో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్కడ ఉందో, ఎందుకు తీసేసిందో తెలియని ఆ పిల్ల కోసం మేం ముగ్గురం మంచం అంచున కూర్చుని ప్రార్థన చేశాం. కోడలు ఉంగరం తన వేలికి తొడుక్కుంది, తర్వాత నాకు తొడిగింది. నేను తీసి మనవరాలి అరచేతిలో పెట్టాను.

"చూశావా తల్లీ, దీని అడుగు ఇంకా కొత్తగానే ఉంది. అరగదీసే పని నీకే మిగిలింది" అన్నాను.